కిటికీలో నీలం పూసలు

మా స్నానాల గది నీళ్ళు గొట్టం గుండా పెరట్లోని అరటి పాదులోకి పోతాయి. కిందటేడు ఒక పొద్దున ఆ పాదులో నా కోడిపిల్లలు నీలం రవ్వలాంటిదేదో ఏరుకుని తింటున్నాయి. కోడలు మొహానికి రుద్దుకునే కొత్త క్రీములోంచి వచ్చిందది. ఈ వయసులో నాకు అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే. అందుకని గట్టిగా తిట్టలేను. అలాగని చెప్పకుండానూ ఉండలేను.

“నీ మొహం మీది ఇసుక నా కోడిపిల్లల కడుపులోకి పోతోందమ్మాయ్,” అన్నాను.

ఫోనులో చూసి మొహం చిన్నబుచ్చుకుంది. “ఇసుక కాదండి అత్తయ్యగారూ, ప్లాస్టిక్కంట. కొన్ని దేశాల్లో ఇది అమ్మకూడదని చట్టం చేసేరంటండి.”

“మరి మన దగ్గర?”

“నాకైతే షాపులో అమ్మేరు కదండీ.”

“చట్టం వచ్చేదాకా కోడిపిల్లలు ఆగవు. గొట్టానికి గుడ్డ కట్టు.”

“ఆయ్,” అని తన పాత చున్నీ మడిచి కట్టింది. క్రీము మానేసింది. గొట్టం కడిగితే లోపల మిగిలిన ఆ నీలం పూసలన్నీ చున్నీలోకి దిగాయి. వాటిని ఒక సీసా మూతలోకి దులిపాం. కాలిస్తే కంపు, పాతిపెడితే మళ్ళీ కోళ్ళే కెలుకుతాయి, కాలవలో వెయ్యడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. అందుకని మూతని కిటికీలో పెట్టాం.

ఆ కోడిపిల్లలు బతికి, పెట్టలై గుడ్లు పెడుతున్నాయి. మూత మాత్రం ఇంకా కిటికీలోనే ఉంది. చట్టాలు చేసేవాళ్ళెవరైనా ఇటొస్తే కాఫీ ఇచ్చి, ఆ మూత కూడా వాళ్ళ చేతిలో పెడతానంటుంది మా కోడలు.