బాప్తిస్మపు తొట్టిలో కాకిబంగారం

మా ఊరి చర్చిలో బాప్తిస్మపు తొట్టి కట్టింది 1964 మొదట్లో. ఊరు కొడవలూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంటుంది. అంతకుముందు బాప్తిస్మాలన్నీ కాలువలోనే. నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కట్టేస్తారో తెలియని కాలువ అది. అందుకని సంఘం వాళ్లు చందాలు వేసుకుని తూర్పు కిటికీ కింద తొట్టి కట్టించారు. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఐదు, లోతు మూడున్నర. దిగడానికి చెక్కమెట్లు.

లోపల పరిచే బిళ్లలు మా చెల్లెలు చేస్తానంది. మద్రాసులో చిత్రకళ డిగ్రీ అయ్యాక పైచదువుకు మట్టిపని తీసుకుంది. చివరి ఏడాది ఒక పెద్ద పని చేసి చూపించాలి. తోటివాళ్లు కూజాలూ పూలకుండీలూ చేస్తున్నారట. “మనుషులు లోపలికి దిగే పని చేస్తానక్కా” అంది. నేను ఊరి బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నాకేమీ అర్థం కాలేదు.

ముందు కాగితం మీద చేపలు గీసి సంఘపెద్దకు చూపించింది. ఆయన మా నాన్నకు వరసకు అన్న, పెద్ద రైతు.

“నీళ్లలో ఉండేవాటి రూపాలు చేయొద్దని పది ఆజ్ఞల్లో ఉండాదా లేదా పాపా?” అన్నాడాయన.

“అయితే ఆకులు వేస్తాను పెదనాయనా.”

“భూమ్మీదవీ వద్దనే ఉండాది.”

“పిట్టలు?”

“పైనవీ అంతే.”

“ఇంక మిగిలిందేంది?”

“సున్నం. తెల్లంగా కొట్టుకుంటే శుభ్రంగా ఉంటాది.”

పాస్టరుగారు మధ్యేమార్గం చెప్పారు. రూపం లేకుండా చేసుకోవచ్చు. ఈస్టరు నాడు సంఘం చూస్తుంది. నచ్చకపోతే మర్నాడే పైన సిమెంటు పూసేస్తారు. మద్రాసు నుంచి పరీక్ష చేసే ఆయన వచ్చేది ఆ తరువాతి వారం. సిమెంటు పడితే ఆయనకు చూపించడానికి చెల్లెలి దగ్గర ఏమీ మిగలదు. అయినా సరేనంది.

రెండు రోజులు సముద్రపు ఒడ్డుకు పోయి కూర్చుంది. అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే గీతలు గీసుకుని వచ్చింది. అంచుకు మా అమ్మ అల్లే తాటాకు చాప అల్లిక తీసుకుంది. గూడూరు అభ్రకం షెడ్ల దగ్గర పారేసే పొడి ఒక సంచెడు తెప్పించుకుంది. దాన్ని మా వైపు కాకిబంగారం అంటారు. కాలేజీ కొలిమి వేడికి దాని మెరుపు చచ్చిపోతుందట. మా ఊరి కుమ్మరి ఆవం తక్కువ వేడికి నిలుస్తుందని చెల్లెలి నమ్మకం.

మొదటి ఆవంలో బిళ్లలన్నీ చిన్నవైపోయాయి. కాలితే మట్టి కుంచించుకుపోతుంది. ఆ లెక్క నేను కట్టాను. పచ్చిమట్టి మీద పది అంగుళాల గీత గీయించి, కాలాక కొలిస్తే తొమ్మిది వచ్చింది. ఆరు అంగుళాల బిళ్ల కావాలంటే అచ్చు ఆరుంబావు కాదు, ఆరున్నర కాదు, ఆరూ రెండు బై మూడు ఉండాలి. వడ్రంగి చేత అలాగే చేయించాం. తొట్టి అడుగున పరచడానికి నూట అరవై బిళ్లలు, గోడలకు మూడు వందల అరవై నాలుగు. ఒక్కొక్క బిళ్ల మీదా చెల్లెలు కుంచెతో జేగురుగీత లాగి, అభ్రకం అద్ది, నున్నటి రాయితో రుద్దేది.

అన్నీ అతికించాక చూస్తే దుమ్ము పట్టిన పాత చాపలాగా ఉంది తొట్టి.

పెదనాయన అంచున నిలబడి వంగి చూశాడు. “మా ఇంట్లో చాప ఇంతకంటే బాగుంటాది. మూడు నెలలు దీనికేనా? సిమెంటు బస్తా తెచ్చిపెట్టినాలే.”

చెల్లెలు “నీళ్లు పడనీ అక్కా” అని నాతో మాత్రం అంది.

ఈస్టరు ఉదయం ఆడవాళ్లందరం బావి నుంచి బిందెలు మోశాం. మొదటి బిందె పోయగానే బిళ్లలు చుయ్‌మన్నాయి. కాలిన మట్టి నీళ్లు పీల్చుకుంటోంది. ఎన్ని పోసినా మట్టం నిలవదు.

“తాగతాండాది చూడు, దాహం తీరలేదు దీనికి” అని ఎవరో నవ్వారు.

మట్టం నిలిచాక సన్నటి బుడగలు వేలకొద్దీ పైకి లేచాయి. బుడగల కింద దుమ్మురంగు పోయి ఎరుపు తేలింది, పచ్చి కాలేయం రంగు. అప్పుడే కిటికీలోంచి ఎండ పడింది. కాకిబంగారం ఒక్కసారిగా మేలుకుంది. నీళ్లు కదిలితే గీతలు కదిలాయి, గీతలతో పాటు మెరుపు పరిగెత్తింది, ఆ మెరుపు పైకప్పు దూలాల మీదా మా ముఖాల మీదా ఆడింది. ఆడవాళ్లు పాడుతున్న పాట ఆగిపోయింది. ఆ బిళ్లలన్నీ ఎంచినదాన్ని, కొలిచినదాన్ని నేను. అయినా అవి నేనెరిగిన బిళ్లలు కావు.

మొదట దిగవలసింది నాట్లు వేసే ఒక ముసలమ్మ. కాలువంటే భయపడి ఏళ్ల తరబడి బాప్తిస్మం వాయిదా వేసుకున్న మనిషి. పాస్టరుగారు అప్పటికే నీళ్లలో నిలబడి చెయ్యి చాపారు. ఆమె మొదటి మెట్టు మీదే ఆగిపోయింది.

“అడుగు యాడుందో కనపడటంలేదయ్యా. ఇది శానా లోతు.”

“నడుము లోతేనమ్మా” అన్నారాయన.

“కాదయ్యా. నాకు లోతు కనపడతాండాది గదా.”

ఎవరు చెప్పినా కదలలేదు. చెల్లెలి పనే ఆమెను ఆపేసింది.

అప్పుడు పెదనాయన కండువా తీసి పక్కన పెట్టాడు. పంచె ఎగ్గట్టకుండానే మెట్లు దిగి తొట్టి మధ్యలో నిలబడ్డాడు. “ఇదిగోమ్మా, నా మొల దాకే. రా.” ముసలమ్మ ఆయన చెయ్యి ఒకటి, పాస్టరుగారి చెయ్యి ఒకటి పట్టుకుని దిగింది.

ఆమె బాప్తిస్మం అయింది. ఆమె తరువాత ఇంకా ఆరుగురికి అయింది. పెదనాయన పైకి రాలేదు. ఒక మూలకు జరిగి, తల వంచి, తన పాదాల చుట్టూ కదిలే గీతలను చూస్తూ నిలబడ్డాడు. చివరకు పాస్టరుగారే భుజం తట్టి పిలవవలసి వచ్చింది.

మర్నాడు సిమెంటు బస్తా మా బడికి వచ్చింది, అరుగు మరమ్మతుకని. ఎవరు పంపారని అడిగితే తెచ్చిన బండివాడు మా పెదనాయన ఇంటివైపు చెయ్యి చూపించాడు.