వెర్లిన్ దాచిన హెల్మెట్

వెర్లిన్ కుబిక్ ముక్కు కుర్రతనంలోనే రెండుసార్లు విరిగింది, రెండూ ఆటలోనే. మూడోసారి మాత్రం అరవై నాలుగేళ్ల వయసులో, మైదానం వెనక తన సొంత పికప్ బండిలో కూర్చుని ఉండగా విరిగింది.

నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఉన్న మా చిన్న కాలేజీలో చదివేది ఆరువందల మంది. అందులో తొంభై మంది అమెరికన్ ఫుట్‌బాల్, అంటే ఒకణ్ణొకడు గుద్ది పడగొట్టే ఆట, ఆడేవాళ్లే. వాళ్ల హెల్మెట్లూ భుజాల ప్యాడ్లూ చూసుకోవడం వెర్లిన్ పని. ముప్పై ఒక్క ఏళ్లుగా మైదానం పక్కనున్న సామాన్ల గదిలోనే ఉన్నాడు. అంతకుముందు అన్న లీలండ్‌తో కలిసి ఇక్కడే ఆడాడు. తల పెట్టి గుద్దినవాడే మగాడని అప్పట్లో అనేవారు. ఇప్పుడూ అంటారు, కాకపోతే గొంతు తగ్గించి. ఆ మగతనానికి వెర్లిన్ ఎడమ చెవి పోయింది. లీలండ్ అరవై నిండకముందే చొక్కా గుండీలు పెట్టుకోవడం మరిచిపోయాడు. వృద్ధాశ్రమంలో తమ్ముణ్ణి చూసినప్పుడల్లా పాత కోచ్ అనుకుని, "కోచ్, నన్ను బయట కూర్చోబెట్టకండి" అని బతిమాలతాడు.

అవతలి జట్టు రంగు హెల్మెట్‌కి అంటుకుంటే మా కుర్రాళ్లు తుడవనివ్వరు. వాళ్లకి అదే పతకం. ఆ మరకలు చూసి ఎవడు ఎలా గుద్దాడో వెర్లిన్ చెప్పేస్తాడు. తల ఎత్తి గుద్దేవాడి మరకలు నుదుటి మీద ఉంటాయి. కోల్టన్ రైమర్ మరకలన్నీ నడినెత్తినే. బంతి పట్టుకుని వచ్చేవాణ్ణి మధ్యలో ఆపి పడగొట్టడం అతని పని. మనిషి ఎంత దిట్టమో తలా అంత పెద్దది. ఆ కొలతకి కాలేజీ మొత్తంలో ఒక్కటే హెల్మెట్ ఉంది.

"ఒరే, తల ఎత్తరా. ఎవణ్ణి గుద్దుతున్నావో చూడొద్దూ?" అనేవాడు వెర్లిన్.

"చూస్తే జాలేస్తుంది పెద్దాయనా," అనేవాడు కోల్టన్.

ఆగస్టులో అందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. తర్వాత ఎవడి తలకైనా దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెట్టి, పాత మార్కులతో పోల్చి చూస్తారు, తగ్గితే ఆడనివ్వరు. ఆ సాయంత్రం కోల్టన్ సామాన్ల గదిలో కాళ్లు చాపుకుని, "కావాలనే సగం తప్పులు పెట్టా. ఇక బుర్ర బద్దలైనా పాసే," అన్నాడు. అందరూ నవ్వారు, వెర్లిన్ కూడా నవ్వాడు. ఆ గదిలో విన్నమాట గడప దాటకూడదన్నది మా కట్టుబాటు.

మొదటి నాలుగు మ్యాచ్‌లూ చిత్తుగా ఓడాం. ఒకడి వేళ్లు వెనక్కి తిరిగిపోయాయి. ఇంకొకడు రక్తం ఉమ్మి, నోరు పుక్కిలించి మళ్లీ ఆడాడు. ఆ తర్వాత కోల్టన్ పూనకం వచ్చినట్టు గుద్దడం మొదలుపెట్టాడు, మేం గెలవడం మొదలుపెట్టాం. ఏడో మ్యాచ్‌లో ఒకణ్ణి నేలకేసి కొట్టి లేచి, నేరుగా అవతలి జట్టు బెంచీకి వెళ్లి కూర్చున్నాడు. జనం పడీపడీ నవ్వారు. ఆటగాళ్ల దెబ్బలకి వైద్యం చూసే మార్లా నవ్వలేదు. మళ్లీ మైదానంలోకి ఉరకకుండా అతని హెల్మెట్ లాక్కుని దాచేసింది.

గురువారం పరీక్ష పెడితే ఆగస్టు కన్నా ఎక్కువ మార్కులే వచ్చాయి. ఎందుకు రావు? కోచ్ స్ట్రాండ్ సంబరపడ్డాడు. వెర్లిన్ నోటి దాకా వచ్చిన మాట మింగేశాడు.

ఆఖరి మ్యాచ్ పొరుగూరి జట్టుతో. గెలిచినవాళ్లకి కప్పు బదులు పాత పాలక్యాన్ ఒకటి ఇస్తారు. దాన్ని ముట్టుకుని మాకు పదకొండేళ్లయింది. మొదటి సగంలో కోల్టన్ నడినెత్తితో గుద్దిన చప్పుడు వెర్లిన్ చెడిన చెవికి కూడా వినిపించినట్టయింది. విరామంలో కోల్టన్ హెల్మెట్ మరలు బిగించుకోవడానికి వచ్చి, "స్కోరెంత?" అన్నాడు. వెర్లిన్ చెప్పాడు. మరో మర బిగించేలోపు మళ్లీ, "స్కోరెంత?" అన్నాడు. మూడోసారి అడిగేటప్పుడు కళ్లు ఎటో ఉన్నాయి. మార్లా ఇంకొకడి విరిగిన కాలికి కట్టు కడుతోంది. వెర్లిన్ ఇక ఆలోచించలేదు. హెల్మెట్ చంకలో పెట్టుకుని బండెక్కి తలుపు గడియ వేసుకున్నాడు.

అర నిమిషంలో కోచ్, వెనకే కోల్టన్ వచ్చారు.

"తలుపు తియ్యి వెర్లిన్. పిచ్చెక్కిందా నీకు?"

"వీడు ఆగస్టు పరీక్ష కావాలనే తప్పాడు కోచ్. నాకు తెలిసీ చెప్పలేదు. వీడి బుర్ర ఎప్పుడో దెబ్బతింది."

కోచ్ గిర్రున కోల్టన్ వైపు తిరిగాడు. కోల్టన్ అద్దం మీద గుద్దాడు. రెండో గుద్దుకి అద్దం పగిలింది, మూడోది వెర్లిన్ ముక్కు మీద పడింది. నాలుగోది కంటి మీద. రక్తం చొక్కాలోకి కారుతున్నా ముసలాయన హెల్మెట్‌ని పొట్టకి అదుముకుని, మోకాళ్ల మీదికి వంగిపోయాడు తప్ప చెయ్యి సడలించలేదు. కోచ్ వెనక నుంచి కోల్టన్‌ని పట్టుకుని నేలకి పడేశాడు. కింద పడ్డవాడు అక్కడే వాంతి చేసుకున్నాడు. అంబులెన్సు వచ్చింది.

మూడు పాయింట్లతో ఓడిపోయాం. ఆ సాయంత్రం ఊళ్లో ఒక్కడు కూడా వెర్లిన్‌ని పలకరించలేదు.

మర్నాడు ఉదయం అతను గదిలో హెల్మెట్లు సర్దుతుంటే, ఆసుపత్రి నుంచి నేరుగా కోల్టన్ వచ్చాడు. బయట కారులో వాళ్లమ్మ ఉంది. వెర్లిన్ మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవడు కొట్టాడు పెద్దాయనా? పేరు చెప్పు, వాడి పళ్లు రాలగొడతా."

తలుపు తగిలిందని చెబుదామనుకున్నాడు వెర్లిన్. కానీ ఆగస్టు నుంచీ దాచింది చాలనిపించింది.

"నువ్వే నాయనా."

కోల్టన్ పెద్దగా నవ్వాడు. తర్వాత తన కుడిచేతి కణుపులు చూసుకున్నాడు. అద్దం గీసుకుపోయిన చోట కుట్లున్నాయి. ఎడమచేతి వేలితో వాటిని ఒక్కొక్కటే తడిమాడు.

"మరి," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "స్కోరెంత?"