ఆ వయసులో రాదన్నాను

బందరులో మా ఇంటికి చేపలు తెచ్చే ఆమెకి ముప్పై రెండేళ్ళు. ఏం చెప్పినా తల పక్కకి వంచి "అంతేనంటారా అండీ?" అనేది. నేను నర్సునని నా మాట మీద ఆమెకి మహా గురి.

ఒకరోజు గంప దించి, రొమ్ములో గడ్డ తగులుతోందని చెప్పింది. నొక్కి చూశాను. "నీ వయసులో క్యాన్సర్ రాదులే. మామూలు గడ్డే అయ్యుంటుంది" అన్నాను.

"అంతేనంటారా అండీ?" అని నవ్వి, గంప ఎత్తుకుంది.

ఐదు నెలలకి అది నిమ్మకాయంత అయ్యింది. నేనే విజయవాడ తీసుకెళ్ళాను. క్యాన్సరే, అందులోనూ హార్మోను మాత్రలకి లొంగని రకం.

"ఈ జబ్బు వచ్చే వయసులని మనం చదువుకున్నవి తెల్లవాళ్ళవి సిస్టర్. మన ఆడవాళ్ళకి ముందే వస్తోంది. ఈ మొండి రకం కూడా మనలో ఎక్కువే" అన్నారు డాక్టరుగారు.

ఆమె పక్కనే నిలబడి వింది. తిరుగు బస్సులో నా టికెట్టు కూడా తనే తీసుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

కీమో ఎక్కించినా ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఆమె పోయే ముందు వారం చూడటానికి వెళ్ళాను. మంచం మీద కూర్చున్న తొమ్మిదేళ్ళ కూతురి జడ సవరిస్తూ అడిగింది.

"దీన్ని ఏ వయసు నుంచి డాక్టరుకి చూపించాలండీ?"