ఓబులమ్మత్త ఏరిన గన్నేరుకాయలు

నిన్నటి నుంచి మా ఇంట్లో అందరూ నన్ను ఓదారుస్తున్నారు.

"మంచి మొగుని కోసరం ఎన్ని పూజలు చేసిండాది పాప. చూపులనాడే ఇట్లాయ" అని.

నేను ఏడుస్తున్నది ఆగిపోయిన పెళ్లిచూపుల కోసమని వాళ్ల లెక్క.

మా ఓబులమ్మత్త పోయింది.

నాయనకు అక్క. పెళ్లయిన ఏడాదికే బొట్టు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. నన్ను పెంచింది ఆమే. మీరంతా హాస్టల్లో నా పెట్టె పగలగొట్టి తిన్న నువ్వులుండలు ఆమె చేసినవే.

దీన్ని కామన్‌రూం బోర్డు మీద అంటించండి. ఒక్కొక్కరికీ విడిగా రాసే ఓపిక లేదు.

నిన్న పొద్దున కడపలో మామ ఇంట్లో పెళ్లిచూపులకు జడ వేయించుకుంటున్నాను. టెలిగ్రాం వచ్చింది.
అత్త పోయింది, రండి.
"ఏ అత్త?" అని అడిగాను.
నాకు అత్తంటే ఓబులమ్మత్త ఒక్కతే. అయినా అడిగాను.

కోడుమూరులో బస్సు దిగేసరికి అంతా అయిపోయింది. మొహం కూడా చూడలేదు.

పెరట్లో పచ్చగన్నేరు కింద పడిపోయిందట. చేతిలో పూలబుట్ట.

"శివుని పూలు ఏరతా ఏరతా పాయ. శానా పుణ్యాత్మురాలు" అంటున్నారు వచ్చినవాళ్లు.

నిజం తెలిసినది నాకూ, కరియకూ మాత్రమే.

కరియ అత్త కుక్క. ఏడాది నిండని నల్లకుక్క. కనబడిందల్లా కొరుకుతుంది. చెప్పులు, చీపురు, నా జడ.

వాడికి చాలా ఏళ్ల ముందు ఎర్రోడని ఒకడుండేవాడు. ఒక ఫాల్గుణంలో రాలిన గన్నేరుకాయ కొరికి, కక్కి కక్కి, సాయంత్రానికి అత్త ఒళ్లోనే పోయాడు.
చెట్టు కొట్టేయమని అత్త అడిగింది.

"కుక్క కోసరం దేవుని చెట్టు కొట్టేదా? మతి ఉండాదా అక్కా నీకు?" అన్నాడు నాయన.

ఆమె మళ్లీ అడగలేదు.

అప్పటి నుంచి ప్రతి ఏడూ, చలి తగ్గి గాలి మారగానే, అందరికంటే ముందు లేచేది. అప్పటికి ఏ కుక్క ఉంటే దాన్ని కొట్టంలో కట్టేసేది. రాలిన పూలు పడకుండా దాని నీళ్లతొట్టి మీద బండ మూసేది. నేలంతా ఏరేది. పూలు శివుడి గూటికి. కాయలు కొంగులో మూటగట్టి దిబ్బ వెనక గుంతలో పూడ్చేది.
ఆ తర్వాతే కట్టు విప్పేది.

నేను బి.ఎ. ముగించి ఇంటికొచ్చి, ఏం చేయాలో తోచక గదిలో గుండ్రంగా తిరుగుతుంటే ఆమే పిలిచింది.

"ఏమే కాలేజీ, ఉత్తగనే తిరగతాండావు. వచ్చి నడుము వంచు."

"కుక్క కోసరమని ఇంట్లో చెప్పొచ్చు గదా అత్తా?"

"కుక్క కోసరమంటే నగుతారు పాపా. శివుని కోసరమంటే నోరు మూసుకుంటారు."

కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గూట్లో శివుడికి వినబడకూడదని కాబోలు.

నేనూ రోజూ పూలు ఏరడం చూసి, పాపకు పెళ్లి మీద మనసు పుట్టిందనుకున్నారు మావాళ్లు. కడప సంబంధం అట్లా వచ్చింది.

బస్సెక్కేటప్పుడు అత్త అంది.
"బిరీన రా పాపా. నాకు నడుము వంగడంల్యా."

ఈ పొద్దున నేనొక్కదాన్నే ఏరాను. ఆకుల కింద నక్కిన కాయ ఒకటి దొరికితే, ఆమెకు చూపించాలని వెనక్కి తిరిగాను.

ఖాళీ పెరడు.

"ఏమే కాలేజీ" అని ఒక్కసారి వినాలని ఉంది. కసురుకుంటూ పిలిచినా సరే.

మధ్యాహ్నం నాయన అందరి ముందూ చెప్పాడు.
"మా అక్క పూజ చేసిన చెట్టు. చుట్టూ అరుగు కట్టిస్తా. ఎవురూ దాని మీద చెయ్యి ఎయ్యగూడదు."

అంటూ ఏడ్చాడు. నాయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన ప్రేమ అబద్ధం కాదు.

కానీ ఏ చెట్టును చూసి ఆమె ఇన్నేళ్లు భయపడిందో, దాన్నే ఆమె గుర్తుగా నిలబెడతారట. కరియ దాని కిందే తిరగాలట.

కాసేపాగి నాయన దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎర్రోడి సంగతి, గుంత సంగతి, ఆమె నవ్విన సంగతి. చెట్టు కొట్టేద్దామన్నాను. "వద్దు పాపా" అన్నాడు.

అత్తా, పోయిరా. ఇకనైనా బాగా పొద్దెక్కేదాకా నిమ్మళంగా పడుకో.

చెట్టు రేపు కొట్టేస్తున్నాను.