పైకెక్కేవాడా, కిందికి చూడు

సోదరుడా, సోదరీ, ఒక్క మాట అడుగుతాను... నీతో బయలుదేరినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో నీకు తెలుసా? లోకంలో మొదటి హత్య జరిగిన రోజు తమ్ముణ్ని చంపిన అన్నను దేవుడు అడిగింది కూడా ఇదే... నీ తమ్ముడు ఎక్కడున్నాడని.

ఆ ప్రశ్న నాకు మొదట ఎదురైంది మందిరంలో కాదు, వీడియో గేమ్ కొట్టులో.

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా వీధి చివర ఒక ఇరుకు గది. పాత టీవీ, రెండు రిమోట్లు. పట్టుచీర నేసేటప్పుడు మగ్గం మీద నాయన, ఆయన పక్కన అంచు దారం చుట్టిన నాడె అందిస్తూ అక్క. అమావాస్యకు మగ్గం ఆగితే చాలు, అక్కా నేనూ ఆ గదికి పరుగు.

జలపాతం ఎక్కే ఆట అది. ఒకరు తొందరపడి పైకెగిరితే తెర కూడా పైకి జరుగుతుంది... కింద మిగిలినవాళ్లు చచ్చిపోతారు. నేను ఎగిరేవాణ్ని, అక్క చచ్చేది.

"నిలబడ్రా, నేనూ వస్తాండా!" అని అక్క అరుపు.

"ఏమబ్బా, మీ అక్కను సంపుకోని యాడికి పోతాండావు? పైన పెండ్లి భోజనం పెడ్తాండారా?" అని కొట్టు నడిపే మాబన్న ఎగతాళి.

గదంతా నవ్వు. సిగ్గుతో నేర్చుకున్నాను... ఆగడం, కిందికి చూడడం.

తర్వాత మరమగ్గాలు వచ్చాయి. నాయన మగ్గం మూలబడింది, ఆయన మాట కూడా. ఒక మధ్యాహ్నం పెనుకొండలో అవ్వను చూసి నాయనా, అక్కా, నేనూ స్టేషనుకు నడుస్తున్నాం. "మీరు ముందర పోతాండండి, నేను ఎనకాలే వస్తా" అన్నాడు నాయన.

కొంతదూరం పోయాక నా కాళ్లు వాటంతట అవే ఆగాయి. తిరిగి చూశాను... నాయన పట్టాల మధ్య నిలబడి ఉన్నాడు. హిందూపురం వైపు నుంచి రైలు కూత.

అక్కా నేనూ పరుగెత్తి చెరో చెయ్యి పట్టి లాగాం. "నువ్వు రాకుంటే మేము యాడికీ పోము నాయనా" అన్నాను. ఆ కంకర మీదే కూలబడి ఏడ్చాడు. మాతో ఇంటికొచ్చాడు.

అదే ఏడాది మా వీధిలో ఇంకొకాయన కూడా పిల్లలను అలాగే ముందు పంపాడు. వాళ్లు తిరిగి చూడలేదు... పసివాళ్లు, ఎవరు నేర్పారని?

వీడియో గేమ్ సైతాను పెట్టె అని వేదికల మీద గర్జించే బోధకులారా, వినండి! ఆ పెట్టె ముందే నాకు దేవుని వాక్యం అర్థమైంది. కానీ అప్పుడు పక్కన అక్క ఉంది, వెనక తిట్టే మాబన్న ఉన్నాడు. ఇప్పుడు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక్కొక్క బిడ్డ ఒక్కొక్క మూల... "నిలబడ్రా" అనే గొంతే లేదు.

మీ చిన్నప్పుడు మీకోసం ఆగింది ఎవరు? కింద రాయండి... కాదు, అది తర్వాత. ముందు లేవండి. ఈ రోజే మీ బిడ్డ పక్కన కూర్చుని ఆడండి, కావాలని వెనకబడండి. "నేనూ వస్తాండా" అని పిలవండి. ఆగుతాడో లేదో ఇప్పుడే చూడండి... రైలు రేపటిదాకా ఆగదు!