ఉస్తా ఫర్హూద్ పూసిన పెళ్లి డేగిసా

సల్త్ ఊరి బజారులో నా జీనుల దుకాణానికీ, రాగి గిన్నెలకు తగరం పూసే ఉస్తా ఫర్హూద్ కళాయి కొట్టుకూ మధ్య ఒకటే గోడ. ఆయన కొలిమి పొగంతా నా తోళ్లకే పట్టేది. రోజూ తిట్టేవాణ్ణి, రోజూ నవ్వేవాడు. పెద్ద డేగిసాలోకి దిగి, ఇసుక పోసి, కాళ్లతో గిరగిరా తిరుగుతూ తోముతుంటే బజారంతా నిలబడి చూసేది.

పూత పూశాక లోపలంతా నిమ్మచెక్క రుద్దేవాడు. పూత అంటని చోటుంటే రాగి ఎర్రగా తేలుతుంది. ఆ రాగికి పుల్లటి వంట తగిలితే విషమే. కానీ కొంతకాలంగా ఆయన కళ్లకు పొరలు కమ్మాయి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. నిమ్మ రుద్ది, గోడ తట్టి పిలిచేవాడు. "సిమాన్, ఇటొచ్చి చూడరా. ఎరుపేమైనా ఉందా?" నేను చూశాకే గిన్నె గడప దాటేది. గుడ్డివాడి కళాయిలో ఎవడు వండుకుంటాడు మరి!

ఆ రోజు నేను తోళ్లు కొనడానికి వెళ్లొచ్చేసరికి ఆయన గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఎక్కడ చచ్చావురా? పొద్దున్నే ఉమ్ జిర్యస్ మనుషులొచ్చి కొడుకు పెళ్లి డేగిసా మోసుకుపోయారు. నువ్వింకా చూడనే లేదు."

"ఆపలేకపోయావా ఉస్తా?"

"ఏమని ఆపను? నాకు కళ్లు కనబడవనా?"

పెళ్లి వంటంటే పుల్ల పెరుగులో ఉడికే మాంసం. ఊరంతా తింటుంది.

"వేళ్లతో తడిమావుగా, నీ వేళ్లు తప్పవు. నోరు మూసుకుని కూర్చో. చెప్పావంటే రేపట్నించి నీ ఇంట్లో పొయ్యి వెలగదు," అన్నాను.

"పసిపిల్లలు కూడా తింటార్రా," అని నా భుజం పట్టుకున్నాడు. పెళ్లింటికి నడిపించమన్నాడు.

మెట్లెక్కుతుండగానే మాంసం వాసన తగిలింది. వడ్డించేశారేమోనని ఆయన్ను గబగబా లాక్కెళ్లాను. పెళ్లికొడుకు తల్లి ఉమ్ జిర్యస్ అప్పుడే గరిటె ముంచుతోంది.

"ఏం ఉస్తా, పిలవకముందే ఆకలేసిందా?" అంది. ఆడవాళ్లంతా నవ్వారు.

"వడ్డించకమ్మా. నాకు కళ్లు పోయాయి. ఆ డేగిసా ఎవరూ చూడకుండానే ఇచ్చేశాను."

ఉమ్ జిర్యస్ గరిటె విసిరికొట్టింది.

"నీ నోట్లో మట్టిపడ! గుడ్డోడివై ఉండి ఊరందరి గిన్నెలూ ముట్టుకుంటున్నావా?"

మాంసమంతా నేల మీద గుమ్మరించారు. డేగిసా కడిగి ఎండకు వంచారు.

"సిమాన్, చూడరా," అన్నాడు ఉస్తా.

తల లోపలికి దూర్చి వెతికాను. దేవుడు నన్ను క్షమించాలి, ఒక్క ఎర్ర మచ్చయినా దొరకాలని మొక్కుకున్నాను. దొరికితే ఉస్తా ఊరిని కాపాడినవాడవుతాడు. అంచు కింద చూశాను, అడుగున చూశాను. ఎక్కడా లేదు.

"లేదు ఉస్తా. అంతా తెల్లగానే ఉంది."

ఉమ్ జిర్యస్ పాడైపోయిన విందు చూసి గుండెలు బాదుకుంటోంది. ఫర్హూద్ మాత్రం "అమ్మయ్య" అని అక్కడే కూలబడి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఒక్క గిన్నె కూడా ఆయన గడప తొక్కలేదు. నా తోళ్లకు పొగ పట్టడం మానేసింది.