మనిషికి అయిదు నిమిషాలు

ఆ రోజుల్లో అబిడ్స్‌లో ఆఫీసంటే సగం పని, సగం పలకరింపు. ఎవరికీ తొందర ఉండేది కాదు పిల్లలూ, నాకు తప్ప. నాంపల్లి నుంచి నడిచి వెళ్లి ఒక బీమా ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మూడు నెలల తర్వాత పెద్దసారుకు నచ్చితేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంట్లో కూర్చోబెడతానన్నాడు మా నాయన (అన్న మాట తప్పేవాడు కాదు, అదే చిక్కు).

ఉత్తరాలు నాలుగింటి టపాకు అందాలి. కానీ నా బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ కూర్చునేవారు. వాళ్లలో మొదటివాడు హెడ్ క్లర్కు. ఆయన్ని పాన్‌డబ్బా సారు అనేవాళ్లం. ఆయన ఆకు చుట్టేసరికి నా ఉత్తరం ఒకటి వెనకబడేది. అందుకని ఇంట్లోని అలారం గడియారం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఉత్తరానికి పదిహేను నిమిషాలు, మనిషికి అయిదు, చాయ్‌కి మూడు (మా గడియారంలో అయిదంటే ఒక్కోసారి ఎనిమిది). మొదటిరోజే మూడు నిమిషాల్లో చాయ్ తాగి నాలుక కాల్చుకున్నాను. ఎవరితోనూ మాట్లాడలేకపోవడంతో ఉత్తరాలన్నీ టపాకు అందాయి. పద్ధతి మీద నమ్మకం కుదిరింది.

అలారం మోగగానే లేచి నిలబడి, "టైమైంది సార్," అనేదాన్ని.

"ఏంది బిడ్డా, గిదేమన్న రైలా?" అన్నాడు పాన్‌డబ్బా సారు.

"రైలైతే జర ఆగుతది సార్. టపా ఆగదు."

మూడో నెలాఖరున పెద్దసారే వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నారు. అలవాటుగా అలారం పెట్టాను. ఆయన మోకాలి నొప్పితో మొదలుపెట్టి, దవాఖానా మీదుగా నా దాకా వచ్చారు. "నీ పని మంచిగున్నదమ్మా. గందుకే నిన్ను..." అలారం మోగింది. నేను లేచి నిలబడ్డాను. "టైమైంది సార్."

ఆయన నన్ను, గడియారాన్ని చూసి లోపలికి వెళ్లిపోయారు.

"అయిపాయె. రేపటికెల్లి ఇంట్ల పప్పు రుబ్బు," అన్నాడు పాన్‌డబ్బా సారు.

సాయంత్రం గడియారంతో సహా రమ్మని కబురొచ్చింది. లోపల పెద్దసారు బావమరిది మధ్యాహ్నం నుంచి కూర్చుని ఉన్నాడట. "అయిదు నిమిషాలకు పెట్టు," అన్నారు సారు. మోగింది, బావమరిది వెళ్లాడు.

"గిది గీడనే ఉండనియ్యి."

"మరి నేను, సార్?"

"నిన్ను ఇంకో మూడు నెలలు చూద్దాం."

అలా నాకంటే ముందు గడియారం ఖాయమైంది. అది లేకుండానే ఆ మూడు నెలలు నెట్టుకొచ్చి, నేనూ ఖాయమయ్యాను. పాన్‌డబ్బా సారు మాట చివరిదాకా విన్నది కూడా అప్పుడే. నెలల తరబడి ఆయన చెప్పబోయింది ఒకటే కథ, వాళ్లమ్మాయికి సంబంధం కుదిరిన కథ. దాని చివర నన్ను పెళ్లికి పిలవడం ఉంది. పెళ్లి అప్పటికే అయిపోయింది. టపా ఒక్కరోజూ తప్పలేదని ఆ టైపిస్టు పిల్ల, అదే నేను, ఎంత గర్వంగా ఇంటికి నడిచేదో తలుచుకుంటే, ఇప్పుడు నవ్వొస్తుంది.